ఊరి బాకీ

బాకీల్లో రెండు రకాలున్నాయి. పక్కింటి నుంచి గ్లాసుడు పంచదార తెచ్చుకున్నాం అనుకోండి. మన సరుకులు రాగానే అదే గ్లాసుతో కొలిచి, పైన ఓ చెంచాడు కొసరు వేసి ఇచ్చేస్తే ఆ బాకీ చెల్లిపోతుంది. కానీ మా మేనత్త నాకు ఆవకాయ కలపడం నేర్పింది. ఆవపిండి ఎంత, ఉప్పు ఎంత, మూడోనాడు తిరగ కలిపేటప్పుడు నూనె ఎంత తేలాలి, అన్నీ దగ్గర కూర్చోబెట్టుకుని చేయించింది. ఆ బాకీ ఎలా తీర్చడం? తిరిగి ఆవిడకే ఆవకాయ నేర్పలేను కదా! నా తరవాతి పిల్లలకి నేర్పాలి. నేర్పానా, తీరినట్టు. లేకపోతే ఆవిడకి ఎన్ని పట్టుచీరలు పెట్టినా అది బాకీగానే ఉండిపోతుంది.

మన పెద్దలు దీనికి ఋషి ఋణం అని పేరు పెట్టారు. మనిషి పుడుతూనే దేవతలకీ, ఋషులకీ, పితృదేవతలకీ బాకీ పడతాడట. అందులో ఋషుల బాకీ చదువుతో తీరుతుంది. నేర్చుకున్నది మన దగ్గరే ఆగిపోకుండా ఇంకొకరికి అందాలి. అంటే అప్పు ఇచ్చినవాడొకడు, పుచ్చుకునేవాడు మరొకడు. ఏ షావుకారూ ఒప్పుకోని లెక్క ఇది!

ఈ లెక్క నాకెందుకు పట్టిందో చెబుతాను. మా వీధిలో నలుగురు ఆడవాళ్ళు కలిస్తే, మాట పాలవాడి దగ్గర మొదలైనా సరే, అరగంటలో అమెరికా చేరుతుంది. మొన్నామధ్య అలాగే చేరింది. “ఇక్కడి గాలి పీల్చి, ఇక్కడి సర్కారు కాలేజీలో చదివి, తీరా పనికొచ్చే వేళకి విమానం ఎక్కేస్తారు. కన్నదేశం మీద మమకారం ఉన్నవాళ్ళు చేసే పనేనా?” అంది ఒకావిడ. “అలా అంటారేమిటి వదినగారూ? డాలర్లు పంపించడం లేదూ? ఊళ్ళో గుళ్ళూ గోపురాలూ ఎవరు కట్టిస్తున్నారు?” అంది రెండో ఆవిడ. ఇద్దరి మాటా నాకు పూర్తిగా రుచించలేదు. ఒకావిడ మమకారాన్ని మైళ్ళలో కొలుస్తోంది, రెండో ఆవిడ రూపాయల్లో కొలుస్తోంది. దేశానికి మనిషి పడ్డ బాకీని కొలవడానికి ఇంకో కొలపాత్ర లేదా అనిపించింది.

అప్పుడు నాకు రాజ్ రెడ్డిగారు గుర్తొచ్చారు. అసలు పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో ఒక రైతు ఇంట పుట్టారు. వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనే. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1958లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. మామూలుగా అయితే ఏ ఆనకట్ట దగ్గరో, రోడ్ల శాఖలోనో ఇంజనీరై, ఊళ్ళో నాలుగెకరాలు కొనుక్కుని, పెద్దమనిషి అనిపించుకోవలసిన వారు. ఆస్ట్రేలియా వెళ్ళారు. అక్కడ కంప్యూటరు అనే వింత యంత్రంతో పరిచయమైంది. దాన్ని వెతుక్కుంటూ అమెరికా వెళ్ళి, స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు తీసుకున్నారు. మూడేళ్ళు అక్కడే పాఠాలు చెప్పి, 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఆయన అధ్యాపక జీవితమంతా ఇంచుమించు అక్కడే గడిచింది. 1979లో అక్కడ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దానికి తొలి డైరెక్టరు ఆయన. తరవాత కంప్యూటర్ సైన్స్ కాలేజీకి డీన్. 1994లో, కంప్యూటర్ విద్యకి నోబెల్ అంతటిదని చెప్పుకునే ట్యూరింగ్ బహుమతి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. ఆసియా మూలాలున్నవాళ్ళలో ఆ బహుమతి మొదట వచ్చింది ఆయనకే.

ఇదంతా వింటే మా వీధిలో మొదటి ఆవిడ, “చూశారా, కాపురం అక్కడే పెట్టేశాడు” అంటుంది. నిజమే, పెట్టేశారు. కానీ అక్కడ కూర్చుని ఆయన తలకెత్తుకున్న పనేమిటో చూడండి. మనిషి నోటిమాటని యంత్రానికి అర్థమయ్యేలా చేయడం. 1976 నాటికి ఆయన బృందం తయారుచేసిన ‘హార్పీ’ సుమారు 1,000 మాటల్ని గుర్తుపట్టగలిగేది. వెయ్యి మాటలంటే మన ఇళ్ళల్లో రెండేళ్ళు దాటిన పిల్లల సరుకు. దానికే గదంత కంప్యూటర్లు కావలసి వచ్చిన రోజులు. ఇవాళ మా వంటావిడ పొయ్యిగట్టు మీద ఫోను నిలబెట్టి “గుత్తివంకాయ కూర” అని అరుస్తుంది, బొమ్మ వచ్చేస్తుంది. ఆవిడకి చదవడం రాయడం రాదు. ఆ విద్యకి పునాదులు తీసినవాళ్ళల్లో కాటూరు రైతుబిడ్డ ఒకడున్నాడని ఆవిడకి తెలియదు. తెలియకపోయినా ఏం? అక్షరం రానివాళ్ళకి కూడా కంప్యూటరు అక్కరకు రావాలన్నది ఆయన కోరిక. మన పల్లెల్ని ఎరిగిన మనిషికి కలగవలసిన కోరికే అది.

ఇక రెండో ఆవిడ అడుగుతుంది, “సరే, ఊరికేం చేశాడు?” అని. హైదరాబాదులో 1998లో ట్రిపుల్ ఐటీ వచ్చినప్పుడు దాని పాలకమండలి పెద్దగా ఉన్నారు. 2000 తరవాత, పది లక్షల పుస్తకాల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరైనా చదువుకునేట్టు చేయాలన్న పనికి నడుం కట్టినవాళ్ళల్లో ఆయనొకరు. మన దేశంలో ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ పేరుతో జరిగిన ఆ పనిలో, ఏ పంచాయతీ లైబ్రరీలోనో చెదలు పట్టిపోవలసిన తెలుగు పుస్తకాలు ఎన్నో బతికి బయటపడ్డాయి. ఆ వెబ్‌సైటు తరవాత మూతపడినా, వాటి నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతూనే ఉన్నాయి.

కానీ నా మనసుకి బాగా తగిలింది మరొకటి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పల్లెటూరి పిల్లల కోసం ఒక విశ్వవిద్యాలయం పెట్టింది. జనం దాన్ని కూడా ట్రిపుల్ ఐటీ అనే అంటారు. పదో తరగతి మార్కులే అర్హత. సర్కారు బడి పిల్లలకి కొంత అదనపు వెసులుబాటు. ఆరేళ్ళు అక్కడే ఉండి ఇంజనీరై బయటికి రావాలి. ఖర్చు ప్రజలది, ప్రభుత్వానిది. కోచింగు కొనుక్కోలేని పిల్లల్ని పదో తరగతిలోనే పట్టుకోవాలన్న ఆలోచనలో రెడ్డిగారి పాలు పెద్దది. తొలి ఛాన్సలర్ కూడా ఆయనే.

మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ కూతురికి నూజివీడులో సీటొచ్చింది. ఆ కాగితం పట్టుకుని తల్లి మా ఇంటికొచ్చింది. మొహంలో సంతోషమూ ఉంది, భయమూ ఉంది. “పదిహేనేళ్ళ పిల్లండీ. ఆరేళ్ళు హాస్టల్లో అంటున్నారు. నేను దీన్ని పంపిస్తున్నానా, పోగొట్టుకుంటున్నానా అమ్మగారూ?” అంది. నాకు చప్పున జవాబు తోచలేదు. ఎందుకంటే ఆవిడ అడిగింది నూజివీడు గురించి మాత్రమే కాదు. కాటూరు నుంచి కొడుకుని మద్రాసు రైలెక్కించిన ఏ తల్లికైనా ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. మనం అమెరికాని తప్పుపడతాం గానీ, వలస మొదలయ్యేది విమానాశ్రయంలో కాదు, ఊళ్ళో బస్టాండులోనే. చదువంటేనే ఇల్లు విడిచే దారి. పిల్లల్ని చదివించాలి, వాళ్ళు ఎక్కడికీ వెళ్ళకూడదు అంటే ఎలా కుదురుతుంది?

ఆ పిల్ల వెళ్ళింది. చదివింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. పండక్కి ఇంటికొస్తే, పదో తరగతి పిల్లలు దాని చుట్టూ చేరి, ఏ ఫారం ఎప్పుడు నింపాలి, ఏ చదువుకి ఏం కావాలి అని అడుగుతుంటారు. ఒకప్పుడు ఆ వివరాలు చెప్పేందుకు మా వీధిలో ఎవరూ ఉండేవారు కాదు.

అప్పుడు తోచింది నాకు, నేను వెతుకుతున్న మూడో కొలపాత్ర. రాజ్ రెడ్డిగారు కంప్యూటరు కోసం సముద్రాలు దాటారు. ఈ పిల్ల బస్సెక్కి నూజివీడు వెళ్ళింది. ఈ పిల్ల చూసి వచ్చిన దారి, తరవాతి పిల్లకి వీధి చివర అరుగు మీదే తెలుస్తోంది. వెళ్ళినవాడు ఎంత దూరం వెళ్ళాడు, ఎంత పంపాడు అన్నవి తరవాత సంగతులు. తను నడిచిన దారిని వెనక వచ్చేవాళ్ళకి ఎంత కురచ చేశాడు? ఊరి బాకీ తీరిందో లేదో చెప్పేది అదే. ఆవకాయ లెక్కే ఇది కూడాను.

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. కానీ మా పక్క వాటాలో ఉన్న పెద్దావిడ నన్ను ఆపనివ్వదు. ఆవిడ కొడుకు కూడా అమెరికాలో అధ్యాపకుడు. సొంతూరి బడికి బెంచీలు, మంచినీళ్ళ యంత్రం, ఆడపిల్లలకి మరుగుదొడ్లు కట్టించాడు. పేపర్లో పడ్డ ఫోటో ఆవిడ భాగవతంలో దాచుకుంది. ఒకరోజు ఆ ఫోటో చూపిస్తూనే అంది. “వాడు మంచి పనే చేశాడమ్మా, కాదనను. కానీ రాత్రి కాలు కొంకర్లు పోతే నన్ను పట్టుకుని లేవదీసింది పనిమనిషి. నా గాజులమ్మి వాణ్ణి పంపింది నేనే. పంపినదాన్ని, రాలేదని ఏడవడం న్యాయమేనంటావా?”

ఆ ప్రశ్న ముందు పెద్ద పెద్ద మాటలేవీ నిలవ్వు. నాకు తోచింది చెప్పాను. “ఏడవడం న్యాయమే పిన్నిగారూ. పంపడమూ న్యాయమే.” ఋషి ఋణం ఎవరికైనా తీర్చుకోవచ్చు. పక్క ఊరి పిల్లకి చదువు చెప్పినా చెల్లుతుంది. అమ్మ బాకీ అలాంటిది కాదు. అది ఆ గుమ్మంలోనే, ఆ మనిషి బతికుండగానే చెల్లించుకోవాలి. ఒక ఖాతాలో జమ చూపించి ఇంకో ఖాతా కొట్టేయడానికి వీల్లేదు. బడికి నూరు బెంచీలిచ్చినా, అమ్మ మంచం పక్కన వేసుకునే స్టూలు ఖాళీగా ఉంటే అది ఖాళీయే. అలాగని ఆ ఖాళీ చూపించి, బెంచీల మీద కూర్చున్న పిల్లల చదువుని బూటకం అనడమూ ధర్మం కాదు. రెండు లెక్కలూ విడివిడిగా రాసుకోవాలి. ఈ రెండో లెక్క చాలా ఇళ్ళల్లో ఊళ్ళో ఉన్న కూతురో, చిన్నకోడలో చప్పుడు చెయ్యకుండా తీరుస్తూ ఉంటుంది. ఆవిడ ఫోటో పేపర్లో పడదు. విదేశంలో ఉన్న అన్నగారు కనీసం అది గుర్తించి, “నా వంతు కూడా నువ్వే మోస్తున్నావమ్మా” అంటే, తీరకపోయినా ఆ బాకీ ఉన్నట్టు ఒప్పుకున్నవాడవుతాడు.

మరి వెళ్ళనివాళ్ళ సంగతి? మనం ఇక్కడే ఉన్నాం కదా అని మన లెక్క శుభ్రంగా ఉందనుకుంటాం. ఉండిపోవడం ఒక్కటే సేవైతే మా గుమ్మం ముందు కరెంటు స్తంభం కూడా దేశసేవ చేస్తున్నట్టే! 2022 జూన్‌లో బాసర విద్యార్థులు, సౌకర్యాలు సరిగా లేవని రోజుల తరబడి ఆరుబయట బైఠాయించారు. ఎక్కడో ఉన్నవాడు ఆలోచన ఇవ్వగలడు, నెలకోసారి ఫోను చేయగలడు, ఏడాదికోసారి వచ్చి వెళ్ళగలడు. హాస్టల్లో అన్నం ఉడికిందా, కుళాయిలో నీళ్ళొస్తున్నాయా అన్నది చూడవలసింది ఇక్కడున్నవాళ్ళే. వెళ్ళినవాళ్ళు నాటిన మొక్కకి నీళ్ళు పోయడం మన వంతు. అది మానేసి, వాళ్ళ మమకారాన్ని తూకం వేస్తూ అరుగు మీద కూర్చోవడం సుఖంగానే ఉంటుందనుకోండి.

అందుకే, ఈసారి మీ వీధిలో అమెరికా మాట వచ్చినప్పుడు, ఎవరు వెళ్ళారు, ఎవరు ఉన్నారు అన్నది కాసేపు పక్కన పెట్టండి. ఎవరివల్ల ఏ పిల్ల దారి ఎంత తగ్గింది అని అడిగి చూడండి. జవాబు చెప్పుకోవలసిన వాళ్ళల్లో మనమూ ఉంటాం.