పిలిచినవాడికి తెలియాలి

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయికి పైథాన్ ఓనమాలు నేర్పడం మొదలుపెట్టాను. గైడో వాన్ రోసమ్ అనే డచ్చి ఆయన 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టి, 1991లో లోకం ముందుకి తెచ్చిన భాష ఇది. వ్యాకరణం తేలిక. ఒక షరతు కిందికొచ్చే వాక్యాలకి ఫ్లవర్ బ్రాకెట్లు అక్కర్లేదు. నాలుగు ఖాళీలు వదిలి, లోపలికి జరిపి రాస్తే చాలు. "ఇఫ్", "ఫర్" రెండు రోజుల్లో వచ్చేశాయి.

మూడో రోజు మార్కుల సగటు కట్టే ప్రోగ్రాం రాయమన్నాను. ఫైల్లో నాలుగు మార్కులు: 70, 90, 80, 40. కావాలనే 80లో సున్నాకి బదులు ఇంగ్లీషు "ఓ" అక్షరం కొట్టాను. దాన్ని అంకెగా మార్చబోయి ప్రోగ్రాం "వాల్యూ ఎర్రర్" అంటూ ఎర్రక్షరాలు చూపించి ఆగిపోయింది. మా అమ్మాయి పుస్తకం తిరగేసి "ట్రై", "ఎక్సెప్ట్" పట్టుకుంది. ట్రై కింద రాసిన పని చేసి చూడు, అది బెడిసికొడితే ఎక్సెప్ట్ కింద రాసింది చెయ్యి అని వాటి అర్థం. ఎక్సెప్ట్ కింద తను ఒక్క మాటే రాసింది: "పాస్". అంటే ఏమీ చెయ్యకు, ముందుకి పో అని. ఎర్రక్షరాలు మాయమయ్యాయి. సగటు 66.67 వచ్చింది.

"చూశావా నాన్నా, బాగైపోయింది!" అంది.

"బాగవలేదమ్మా, నోరు మూసుకుంది. అసలు సగటు 70" అన్నాను. అంటూండగానే మా అమ్మ గుర్తొచ్చింది.

2009లో నా ఉద్యోగం పోయింది. మళ్ళీ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ప్రతి ఆదివారం తెనాలికి ఫోన్ చేసి "ఆఫీసులో ఊపిరాడ్డం లేదమ్మా" అనేవాణ్ణి. అమ్మేమో "నాకేంరా, రాయిలా ఉన్నాను" అనేది. అప్పటికే ఆవిడకి కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కి నేను పక్కనుంటే బావుంటుందనీ, నాకు సెలవు దొరికేదాకా ఆగుదామనీ అనుకుంది. ఆ మాట నాతో అనలేదు. చివరికి మెట్టు కనపడక పడి చెయ్యి విరిగాక, అక్క ఫోన్ చేసి చెప్పింది. నా సెలవు కోసం ఆవిడ ఆగిన ఆ నాలుగు నెలలూ నేను ఇంట్లో ఖాళీగానే కూర్చున్నాను.

దూరాన ఉన్నవాళ్ళని కంగారు పెట్టకూడదన్నది మనలో చాలామంది పాటించే నీతి. అది తప్పా? అన్నీ చెప్పుకుంటూ కూర్చుంటే ఎవరికీ నిద్ర ఉండదు కదా?

పైథాన్ కూడా తప్పుని పట్టుకోవద్దనదు. సరిచేయగలిగిన చోట పట్టుకోవచ్చు. అమ్మకి జలుబు చేస్తే మిరియాల కషాయంతో అక్కడే పోతుంది, సముద్రాలు దాటి నా దాకా రానక్కర్లేదు. కానీ ఒక ఫంక్షన్‌లో లేచిన తప్పుని అక్కడ పట్టుకోకపోతే, అది తనని పిలిచిన ఫంక్షన్ దగ్గరికి వెళుతుంది. అక్కడా కాకపోతే, దాన్ని పిలిచినదాని దగ్గరికి. ఎవరూ పట్టుకోకపోతేనే ప్రోగ్రాం ఆగేది. కింద ఉన్నదానికి లేని ఉపాయం పై దానికి ఉండొచ్చన్నది ఈ ఏర్పాటు వెనక ఉన్న నమ్మకం. మధ్యలో "పాస్" రాసినవాడు ఆ దారి మూసేస్తాడు.

మేమిద్దరం చేసిందీ అదే. "అంత దూరాన్నించి వాడేం చేయగలడు?" అని అమ్మ, "ఈ వయసులో ఆవిడ తట్టుకోగలదా?" అని నేను. చూడ్డానికి దయే. కానీ అవతలి మనిషి శక్తి ఎంతో ఆ మనిషిని అడక్కుండానే తేల్చేశాం. మిగిలిన అంకెలతో సగటు కట్టుకుని, అదే నిజమనుకుని నిర్ణయాలు చేసుకున్నాం.

మా అమ్మాయి ప్రోగ్రాం మార్చింది. ఇప్పుడది చదవలేని మార్కు ఏ వరసలో ఉందో చెప్పి మరీ ఆగుతుంది.

అమ్మతో నేనూ ఒక ఒప్పందం చేసుకున్నాను. ఆదివారం ఫోన్లో "బాగానే ఉన్నాను" అన్న తరవాత, బాగాలేనిది ఒకటి ఆవిడ చెప్పాలి, ఒకటి నేను చెప్పాలి. మొదట్లో ఆవిడకి నచ్చలేదు. పోయిన వారం మాత్రం నేను మర్చిపోతే, "ఒరేయ్, నీ వంతు చెప్పలేదు" అంది.