ఉన్నదున్నట్టు రాసిచ్చి

అమెరికా సైన్యంలో ఆఫీసరు కావాలనుకునే పిల్లలకి పదమూడో పుట్టినరోజు ఒక గీత. అంతకుముందు ఎన్నిసార్లు పిల్లికూతలు వచ్చినా, ఎన్ని రాత్రులు నెబ్యులైజర్ పెట్టినా రక్షణ శాఖ పట్టించుకోదు. ఆ తర్వాత మాత్రం ఆస్తమా అని డాక్టరు ఒక్కసారి రాసినా చాలు, వైద్య ప్రమాణాల పుస్తకం ప్రకారం ఆ మనిషి పనికిరాదు. మా అమ్మాయికి ఇన్‌హేలర్ రాసింది పద్నాలుగో ఏట.

మేముండే ఆస్టిన్‌లో జనవరి వచ్చిందంటే కొండల మీది సీడర్ చెట్లు పుప్పొడి వదులుతాయి. ఊరంతా తుమ్ముతూ, కళ్ళు నులుముకుంటూ తిరుగుతుంది. ఆ ఏడు తనకి ఛాతీ పట్టేసింది, రాత్రిళ్ళు పడుకుంటే కూత వినిపించేది. డాక్టరు ఆల్బ్యుటెరాల్ ఇన్‌హేలర్ రాసింది. ఎండలు ముదిరేసరికి తగ్గిపోయింది. ఇప్పుడు స్కూలు క్రాస్‌కంట్రీ జట్టులో పరిగెడుతుంది. కానీ ఆ చీటీ ఫైల్లో ఉంది. నేవీలో ఆఫీసరు కావాలన్నది తన కోరిక. ఓడల మీద పని చెయ్యాలి, అదీ కోరిక.

ఇక్కడ ఆఫీసరు కావడానికి దారులు చాలా ఉన్నాయి. 1802 నాటి వెస్ట్ పాయింట్, 1845 నాటి అనాపొలిస్ లాంటి అకాడమీలు ఒకటి. 1916 చట్టంతో వచ్చిన ఆర్ఓటీసీ ఇంకొకటి. మామూలు యూనివర్సిటీలో చదువుకుంటూనే శిక్షణ పొందడం, స్కాలర్‌షిప్ వస్తే ఫీజు వాళ్ళే కట్టడం. మెరీన్స్‌కి పీఎల్‌సీ అని ఉంది. వేసవి సెలవుల్లో క్వాంటికోలో శిక్షణ, కమిషన్ తీసుకునేదాకా కట్టుబాటు లేదు. డిగ్రీ అయ్యాక వెళ్ళే ఓసీఎస్ ఆఖరిది. మా అమ్మాయి ఆర్ఓటీసీకి, ఆర్మీకీ నేవీకీ రెండింటికీ దరఖాస్తు పెట్టింది. రెండు స్కాలర్‌షిప్‌లూ వచ్చాయి. ఆ వెనకే వైద్య బోర్డు నుంచి అనర్హత కాగితమూ వచ్చింది.

ఆ బోర్డు కొలరాడో స్ప్రింగ్స్‌లో, ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఉంటుంది. పిల్లలూ తల్లిదండ్రులూ దాన్ని డాడ్‌మర్బ్ అంటారు. అది పిల్లల్ని చూడదు, ఫైలు చూస్తుంది. ప్రమాణానికి సరిపోయిందా లేదా అన్నది తేల్చి చెబుతుంది, అంతవరకే దాని పని. సరిపోకపోయినా తీసుకుందాం అనే అధికారం, అంటే వేవర్ ఇచ్చే అధికారం, దానికి లేదు. ఆర్మీది ఆర్మీకే, నేవీది నేవీకే, అకాడమీలది అకాడమీలకే. ఒకే ఊపిరి ఒకచోట చెల్లి, ఇంకోచోట చెల్లకపోవచ్చు. నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఇంకో నియమం. వేవర్‌కి పిల్లలు తమంతట తాము దరఖాస్తు పెట్టుకోలేరు. ఈ పిల్ల మాకు కావాలి అని ప్రోగ్రాం అనుకుంటేనే ఫైలు వేవర్ డాక్టర్ల దగ్గరికి వెళ్తుంది. ముందు మనిషిని కోరుకోవడం, ఆ తర్వాత లోపాన్ని తూచడం. నేను పెరిగిన లోకంలో ఈ వరస తలకిందులుగా ఉండేది. ముందు లోపాలు ఏరి, మిగిలినవాళ్ళలోంచి మనిషిని ఎంచుకునేవాళ్ళు.

విజయనగరంలో మా అన్నయ్య కొడుకు సైన్యంలో ఆఫీసర్లని ఎంచుకునే ఎస్ఎస్‌బీలో నెగ్గి వైద్య పరీక్షలో ఆగిపోయాడు. నిలబడితే మోకాళ్ళు తగులుతున్నాయన్నారు. మన దేశంలో అలాంటప్పుడు అప్పీలు మెడికల్ బోర్డుకి వెళ్ళొచ్చు. వాడూ వెళ్ళాడు. అప్పీలులో అడిగేది మొదటి డాక్టరు చూసింది సరైనదేనా అని. మోకాళ్ళు తగలడం లేదని తేలితే గెలిచినట్టు. వేవర్ అలా కాదు. డాక్టరు చూసింది నిజమే, ఆ జబ్బు ఉన్నదీ నిజమే, అయినా నన్ను తీసుకుంటారా అని అడగడం. మొదటిదానిలో మనిషి తన ఒంటి తరఫున వాదిస్తాడు. రెండోదానిలో తన ఒంటి గురించి ఉన్నదంతా చెప్పి, అక్కడినుంచి మాట్లాడటం మొదలుపెడతాడు. ఈ రెండోది నేర్చుకోవడం నాకు చాలా కష్టమైంది.

ఎందుకంటే ఉబ్బసం అనేది మా ఇంట్లో దాచుకునే జబ్బు. మా పిన్నికి ఉండేది. పెళ్ళిచూపుల రోజున పొద్దున్నే మందు వేసి, వంటింటి పొగ తగలకుండా పెరటి గదిలో కూర్చోబెట్టేవాళ్ళట. పెళ్ళయ్యాక కూడా అత్తారింట్లో తెలియకుండా చీర కొంగు నోట్లో కుక్కుకుని దగ్గేదని మా అమ్మ చెబుతుంది. ఏటా మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారు కొరమీను పిల్ల నోట్లో పెట్టి ఇచ్చే చేప మందుకి వేలమంది వరస కడతారు కదా, ఆ మందుకీ తీసుకెళ్ళారు. అది కూడా బంధువులకి చెప్పకుండానే. అందుకే మనవరాలి సంగతి విన్నప్పుడు విశాఖ నుంచి మా అమ్మ మొదట అడిగింది, “ఆ కాగితంలో ఉందని రాయడమెందుకే? ఇప్పుడు లేదు కదా?” అని.

ఆ ఫారం నేను చూశాను. ఎప్పుడైనా వచ్చిందా, లేక ఇప్పుడుందా అని ఒక్కో జబ్బుకీ ఒక వరస, పక్కన అవును, కాదు అని రెండు గడులు. ఇక్కడి మన స్నేహితుల్లో ఒకాయన, మంచి మనసుతోనే, “కాదు అని పెట్టెయ్యమనండి, ఎవరు చూడొచ్చారు” అన్నాడు. 2022 నుంచి సైన్యంలో చేరేవాళ్ళని పరీక్షించే మెప్స్ కేంద్రాల్లో పాత వైద్య రికార్డులు కంప్యూటర్లోనే తెప్పించుకుంటున్నారు కాబట్టి దొరికిపోతారని కొందరు భయపెడతారు. నిజం రాయడానికి అది సరైన కారణం కాదని నా నమ్మకం. ఆఫీసరు కాబోయే మనిషి చేతికి సైన్యం ఇచ్చే మొట్టమొదటి కాగితం అది. రేపు ఈ పిల్ల ఇంజను గది నుంచి, డెక్ మీద నుంచి పంపే ప్రతి నివేదికనీ నమ్మి పైవాళ్ళు నిర్ణయాలు తీసుకుంటారు. ఆ నమ్మకం ఈ గడి దగ్గరే మొదలవుతుంది. తను అవును అని పెట్టింది. కింద తారీఖులతో సహా రాసింది.

వేరే దారుల్లో లోపలికెళ్ళినవాళ్ళూ ఉన్నారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన హారీ ట్రూమన్‌కి చూపు ఆనేది కాదు. 1905లో మిస్సోరీ నేషనల్ గార్డ్‌లో చేరడానికి అక్షరాల పటం కంఠస్థం చేశాడని చెబుతారు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళానికి కెప్టెన్ అయ్యాడు. ఇంకో అధ్యక్షుడు కెనెడీని 1941లో నడుం చూసి ఆర్మీ, నేవీ రెండూ వద్దన్నాయి. తండ్రి, ఆయనకి తెలిసిన నేవీ అధికారి పూనుకుంటే అదే ఏడు కమిషన్ దక్కింది. 1943 ఆగస్టులో సాలమన్ దీవుల దగ్గర తన పడవ పీటీ-109 రెండుగా విరిగితే, ఒళ్ళు కాలిన నావికుడి లైఫ్‌జాకెట్ పట్టీని పళ్ళతో కరచుకుని అదే నడుంతో ఈదుకుంటూ ఒడ్డుకి లాక్కెళ్ళాడు. ఆ ఇద్దరి ధైర్యానికీ నేను చెయ్యెత్తి మొక్కుతాను. కానీ జ్ఞాపకశక్తో, పలుకుబడి ఉన్న తండ్రో ఉంటేనే తెరుచుకునే తలుపు నా కూతురికి వద్దు. ఉన్నది చెప్పినవాళ్ళకి కూడా ఒక తలుపు ఉండాలి. వేవర్ అదే.

వేవర్ కోసం మెథాకోలిన్ పరీక్ష చేయించమన్నారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం బిగించి, గుండెల నిండా పీల్చి ఒక్క ఉదుటున ఊదించారు. “ఇంకా, ఇంకా, ఇంకా” అని టెక్నీషియన్ అరుస్తూనే ఉంది. తెర మీద గీత నిటారుగా లేచి, మెల్లిగా వాలి, ఎక్కడా తెగకుండా సాగింది. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందన్నది లెక్క. ఆ తర్వాత మందు పీల్చమన్నారు. ఊపిరి గొట్టాల్ని కావాలనే రెచ్చగొట్టే మందు అది. కొంచెం పీల్చడం, ఊదడం. ఇంకాస్త గాఢమైనది పీల్చడం, మళ్ళీ ఊదడం. ఇరవై శాతం పడిపోతే జబ్బు ఇంకా ఉన్నట్టు. జబ్బు లేదని చూపించడానికి జబ్బుని పిలిచి మరీ చూడాలన్నమాట. గాజు కిటికీ అవతల నుంచుని నేను తనతోపాటు ఊదుతున్నానని నర్సు చెబితేగాని నాకు తెలియలేదు. పడిపోలేదు. ఆఖరి మోతాదుకి కూడా గీత కాస్తే వంగింది.

అయినా పద్నాలుగో ఏటి చరిత్ర అలాగే ఉంది కాబట్టి అనర్హత అనర్హతే. ఈ నియమం అన్యాయమని మొదట్లో మండిపడ్డాను. తర్వాత చదివినకొద్దీ నా కోపం నిలబడలేదు. 2020 జులైలో శాన్ డియేగో రేవులో బాన్‌హోమ్ రిచర్డ్ నౌక అంటుకుని నాలుగు రోజులకి పైగా మండింది. రేవులోనే అలా అయితే, సముద్రం మీద ఫైరింజను కూడా ఉండదు, ఓడలో ఉన్నవాళ్ళే మంటలార్పాలి. ఆ పొగలో ఒకరి ఊపిరి ఆగితే పక్కవాడి చేతిలోని గొట్టం కూడా ఆగుతుంది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో చెత్త తగలబెట్టిన గుంటల పొగ పీల్చి వచ్చినవాళ్ళ కోసం 2022లో పాక్ట్ చట్టం తెచ్చారు. సర్వీసు తర్వాత బయటపడ్డ ఆస్తమా కూడా ఆ జాబితాలో ఉంది. ముందే ఉంటే రావద్దనే జబ్బుని, వెళ్ళినవాళ్ళలో కొందరికి ఆ ఉద్యోగమే అంటగట్టింది. కాబట్టి వద్దు అనే హక్కు సైన్యానికి ఉంది, ఉండాలి. వేవర్ హక్కు కాదు. కాదు కాబట్టే, ఇస్తే దానికి అంత బరువు. ఒక డాక్టరు ఫైలంతా చదివి, ఈ ప్రమాదంలో కొంత మేమూ మోస్తాం అని సంతకం పెట్టడం అది.

ఏప్రిల్లో ఆర్మీ ఆ సంతకం పెట్టింది. నేవీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. మే 1 లోపు కాలేజీకి డబ్బు కట్టాలి, ఆర్మీకి అవునో కాదో చెప్పాలి.

నా తరం అయితే ఇందులో ఆలోచించడానికేమీ లేదు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో నా ర్యాంకుకి ఏ బ్రాంచి వస్తే ఆ బ్రాంచిలో చేరాను. వచ్చిందే మనది అనుకుని ఇష్టపడ్డాను. నిజంగానే ఇష్టపడ్డాను, అందులో తిండీ గౌరవమూ దొరికాయి. అందుకే తనకి అదే చెప్పాను, ముందు తెరిచిన తలుపులోంచి వెళ్ళు తల్లీ అని. తను ఒక రాత్రంతా ఆలోచించి వచ్చి చెప్పింది. “అమ్మా, ఆర్మీ నన్ను తీసుకుంటానంది కాబట్టి నాకు ఆర్మీ కావాలని నేను అనుకుంటే, అదీ ఆ ఫారంలో కాదు అని పెట్టడం లాంటిదే కదా?” నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఎక్కడ వేవర్ సులువో వెతుక్కుని ఆ దారే తన కోరిక అని చెప్పుకునే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్ళని తప్పుపట్టలేను. ముప్ఫైమంది సైనికుల ముందు నిలబడే లెఫ్టినెంటు, అక్కడ నిలబడాలని మనస్ఫూర్తిగా అనుకున్న మనిషై ఉండాలని మాత్రం ఆ సైనికుల తల్లులు కోరుకుంటారు. వాళ్ళ స్థానంలో నన్ను పెట్టుకుని చూస్తే నా కూతురి మాటే సరైనది.

నాలో ఇంకో మాట కూడా ఉంది. నేవీ వద్దంటే బాగుండునని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. వద్దంటే తను ఇంటికి దగ్గర్లో ఇంజినీరింగ్ చదువుతుంది, పొగల్లోకి వెళ్ళదు. నేను నోరు విప్పక్కర్లేకుండా ఒక ఇన్‌హేలర్ చీటీ నా పని చేసిపెడుతుంది. ఈ కోరిక ప్రేమలోంచే పుట్టిందని నాకు తెలుసు. కానీ తన లోపాన్ని నా తరఫున కాపలా పెట్టుకునే ప్రేమ అది. మా పిన్నిని పెరటి గదిలో కూర్చోబెట్టిన వాళ్ళదీ ప్రేమే. భయం ఉంటే భయం అని నా నోటితో తనకి చెప్పాలి, ఎవరో డాక్టరు సంతకం చాటున దాక్కోకూడదు. చెప్పాను. తను విన్నది. మనసు మార్చుకోలేదు.

మా ఆయనదీ నాదీ గ్రీన్‌కార్డులు ఇంకా వరసలోనే ఉన్నాయి. ఫైలు ఎవరి బల్ల మీదుందో తెలియకుండా బతకడం మాకు అలవాటు. తను ఇక్కడ పుట్టింది కాబట్టి పౌరురాలు. పౌరులకే కమిషన్. ఈ దేశ రాజ్యాంగాన్ని కాపాడతానని తను చెయ్యెత్తి ప్రమాణం చేసే రోజున, మేం ఇక్కడ ఇంకా తాత్కాలికంగా ఉండేవాళ్ళమే కావచ్చు. నాకు ఇందులో బాధ కంటే ఆశ్చర్యం ఎక్కువ. విశాఖ బీచిలో కురుసుర జలాంతర్గామి ఇరుకు దారిలో అమ్మమ్మ వేలు పట్టుకుని నడిచిన పిల్ల, ఓడలంటే ఇష్టాన్ని అక్కడే తెచ్చుకుని, ఇంకో దేశపు నేవీకి ఇస్తానంటోంది.

ఏప్రిల్ చివర్లో తను ఆర్మీకి వద్దని రాసింది. ఆ స్కాలర్‌షిప్ నిజంగా ఆర్మీనే కోరుకున్నవాళ్ళకి వెళ్ళాలని ఆ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. నేవీ ఆర్ఓటీసీ ఉన్న యూనివర్సిటీకి డబ్బు కట్టాం. నేవీ జవాబు ఇంకా రాలేదు. కాదంటే నాలుగేళ్ళ ఫీజుకి అప్పు చెయ్యాలి. డిగ్రీ అయ్యాక తను రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌కి, నేవీ ఓసీఎస్‌కి మళ్ళీ అడుగుతుంది. అప్పుడు కొత్త పరీక్ష, కొత్త ఫారం, అదే ప్రశ్న. అప్పు కాగితాలు నేనే తెచ్చాను. మా అమ్మకి ఫోన్ చేసి, ఎవరైనా అడిగితే పిల్లకి ఒకప్పుడు ఉబ్బసం ఉండేదని, నేవీకి అది రాసిచ్చే వెళ్తోందని చెప్పమన్నాను. కాసేపు ఆగి “సరేలే, చెబుతాను” అంది.