నేల హక్కు, నీడ హక్కు

ఊరికి ఒక అంకె పేరై నిలుచుట ఈ దేశమునందు అరుదు. పల్లెకు గ్రామదేవత పేరో, చెరువు పేరో, చింతచెట్టు పేరో ఉండును. లేకున్న దానిని కట్టించినవాని పేరుండును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో దుర్గు, రాయపూరు నగరముల నడుమ పోవు పెద్ద రహదారిమీద ఉన్న ఒక పట్టణభాగమును మాత్రము జనులు భిలాయి-3 అనియే పిలుతురు. దాని పొరుగున ఉన్న ఉక్కు నగరపు కాలనీలకు కూడ సెక్టారు ఒకటి, సెక్టారు రెండు అని అంకెలే పేర్లు. అంకె పేరైన చోట, అంతకు పూర్వము అక్కడ ఏమియు లేదను అభిప్రాయము వినువారికి సహజముగా కలుగును. ఖాళీ కాగితముమీద గళ్లు గీచి వరుసగా సంఖ్యలు వేసినట్లు తోచును.

నేల ఖాళీగా లేదు. ఉక్కు కర్మాగారము కొరకు సోవియట్ దేశముతో 1955 ఫిబ్రవరి 2వ తేదీన ఒడంబడిక కుదిరినది; 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినారు. ఈ నాలుగేండ్ల నడుమ ఎన్నో పల్లెల వరిమళ్లు, బీళ్లు, చెరువులు కర్మాగారమునకును, కాలనీకిని లోబడిపోయినవి. సుపేలా, ఖుర్సీపార్, రిసాలీ, మరోదా అను పేర్లు నేడు పేటల పేర్లుగా వినబడుచున్నను, అవి పల్లెల పేర్లే. నాడు అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టము. నేలమీద తన హక్కును కాగితముతో రుజువు చేసికొనగలవానినే ఆ చట్టము ప్రధానముగా చూచినది. ఆ నేలమీద కూలికి నాట్లు వేసినవారు, ఆ బీటిలో పశువులను మేపినవారు దాని చూపునకు ఆనలేదు.

ఆ తొలినాళ్లలో చుట్టుపట్ల ఒక వదంతి వ్యాపించినది. అంత పెద్ద కట్టడములు నిలువవలెనన్న వాటి పునాదులకు నరబలి కావలెనట! భిలాయిలో అనేక సంవత్సరములు పరిశోధన చేసిన మానవశాస్త్రజ్ఞుడు జానథన్ ప్యారీ ఈ వదంతిని శ్రద్ధగా విని, దానిని గూర్చి వ్రాసినాడు. దీనిని మూఢవిశ్వాసమని నవ్వి త్రోసివేయుట సులభమే. అయితే తెలుగువారు మరీ బిగ్గరగా నవ్వుటకు వీలులేదు. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రము చెరువు కట్ట తెగనున్నప్పుడు ముసలమ్మ అను ఇల్లాలు ఊరి కొరకు తన్ను తాను అర్పించుకొన్నదను గాథ మనకున్నది; కట్టమంచి రామలింగారెడ్డి దానిని కావ్యముగా వ్రాసినారు. ఆ గాథ విన్నవారు ఆమె త్యాగమునకు కంటతడి పెట్టుదురు. పెట్టవలసినదే. కాని దేవత ఒక ఇంటి కోడలినే ఏల కోరినది? చెరువు క్రింద ఎక్కువ మాగాణి గల ఆసామినో, కట్ట మరమ్మతును ఏండ్ల తరబడి ఉపేక్షించిన పెద్దనో ఏల కోరలేదు? పొరుగు ఇంటినుండి వచ్చి, ఆ ఇంట అందరికంటె తక్కువ మాట చెల్లుబాటు గల మనిషి కోడలు. దేవత ఎన్నుకొన్నదని చెప్పినచో ఎన్నుకొన్న మనుష్యుల పేర్లు చెప్పవలసిన అవసరముండదు.

చెరువు నిలువవలెను, ఉక్కు తయారు కావలెను, ఊరు విస్తరింపవలెను. ఇందులో వివాదము లేదు. వివాదమంతయు, ఆ మేలుకు మూల్యము చెల్లించువానిని ఎవరు నిర్ణయించిరి, అతనిని ముందుగా అడిగిరా అనుటయందే ఉన్నది.

కాలము గడచినకొలది కొత్త ఊరు తానే పాతబడినది. కర్మాగారపు ఉత్పత్తి శక్తి మొదట ఏటికి 10 లక్షల టన్నులు. 1988 నాటికి 40 లక్షలైనది. యంత్రములు పెరిగి మనుష్యులు తగ్గినారు. 1980 ప్రాంతమున 60 వేలకు పైబడి ఉండిన పర్మనెంటు ఉద్యోగుల సంఖ్య తరువాతి దశాబ్దములలో సగమునకంటె దిగువకు వచ్చినది. అందుచేత కొన్ని క్వార్టర్లు ఖాళీపడినవి. ఖాళీపడిన ఇల్లు మనిషి లేని కారణముననే త్వరగా చెడును. శ్లాబు పెచ్చులూడును, గోడలలో రావి మొలచును. కొన్నింటిని 2000 తరువాతి తొలి సంవత్సరములలో ఉద్యోగులకు దీర్ఘకాలపు లీజుకిచ్చినారు. శిథిలమైనవానికి కూల్చుట తప్ప గత్యంతరము కనబడలేదు. రహదారి వెంట కూడలులలో ఫ్లైఓవర్లు లేచినవి. పెంకుటింటి అంగడులున్న చోట అంతస్తుల కాంప్లెక్సులు నిలిచినవి. ఇట్టి మార్పు భిలాయికే ప్రత్యేకము కాదు. విజయనగరములోను, వరంగల్లులోను, ఏలూరులోను నడిబజారులు ఈ తీరుననే మారుచున్నవి. భిలాయి విశేషమేమనగా, అక్కడ పాతదియు ఒకప్పుడు మరియొకదానిని తొలగించి వచ్చిన కొత్తదే.

ఈ మార్పులో ఒక సామాన్యమైన సందర్భమును పరిశీలింపవచ్చును. రహదారి ప్రక్కన ఒక అంగడి, దాని ముందు ఒక వేపచెట్టు, చెట్టు క్రింద సైకిళ్లు బాగుచేయు ఒక మనిషి. అంగడి యజమాని తన స్థలమును బిల్డరుకు అమ్మినాడు. అమ్ముట అతని హక్కు. బిల్డరు సరియైన ధర ఇచ్చి, అనుమతులన్నియు పొంది, చెట్టు కొట్టించి పని మొదలుపెట్టినాడు. ఎక్కడను మోసము లేదు. అయినను చూచువారి మనస్సునకు ఏదో అన్యాయము జరిగినట్లే తోచును. ఈ తోచుట వట్టి మెత్తదనమా, లేక దానికి ఆధారమేమైన ఉన్నదా?

ఆధారమున్నది. ఆ స్థలమునకు అంత ధర ఏల వచ్చినది? రహదారి వలన, నిజమే. కాని రహదారి మైళ్ల పొడవున ఉన్నది. ఆ చోటనే మనుష్యులు ఆగుటకు అలవాటుపడుట వలన ధర వచ్చినది. ట్యూబు పంక్చరైనవాడు ఆగినాడు. అతడు ఆగినందున టీ కాచువాడు వచ్చినాడు. టీ త్రాగువారుండుటచేత పండ్ల బండి వచ్చినది. షిఫ్టు దిగినవారు అక్కడ కలిసికొని ఇంటికి పోవుట మొదలైనది. ముప్పది ఏండ్లు ఇట్లు పోగైన రద్దీని యజమాని ఒక్క సంతకముతో అమ్ముకొన్నాడు. దానిని పోగుచేసిన వారికి అందులో పైస లేదు. నేల ఎవరిదో చెప్పుటకు పత్రమున్నది. నీడ ఎవరిదో చెప్పుటకు ఏ కార్యాలయములోను దస్త్రము లేదు.

ఇట్లయిన దారిన పోవువాడు ప్రతివాడును హక్కుదారుడేనా, ఎవడును ఒక ఇటుక కదలింపరాదా అని బిల్డరు అడుగును. అడుగుట సమంజసమే. అడ్డగించుటకు గల హక్కు వేరు, లెక్కలోనికి వచ్చుటకు గల హక్కు వేరు. ఈ రెంటిని కలిపివేయుట వలననే వాదములు పెడదారి పట్టుచున్నవి. సైకిళ్ల మనిషికి మేడను ఆపు అధికారము లేకపోవచ్చును. మేడ క్రింది భాగమున, లేదా దాని ప్రక్కన, నాలుగడుగుల చోటు అడుగుటకు అధికారము లేదని మాత్రము ఎట్లు చెప్పగలరు? పాతదనముమీది మోహమును కూడ ఈ వాదములోనికి తీసికొనిరాకుండుట మేలు. ఇల్లు కారుచున్నవాడు పాత గోడలను ప్రేమింపడు. వానకాలములో గిన్నెలు పరచి రాత్రియంతయు మేలుకొన్న ఇల్లాలు కొత్త శ్లాబునే కోరును. పాత వీథులను తలచుకొని విలపించువారిలో పలువురు లిఫ్టు ఉన్న మేడలలో కాపురముండువారే.

భిలాయి మధ్యప్రదేశములో ఉండిన కాలమున దాని తోబుట్టువనదగిన ఇందూరునకు ఈ విషయములో ఒక పూర్వకథ ఉన్నది. స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ గెడ్డెస్ మొదట జీవశాస్త్రజ్ఞుడు. తరువాత నగర నిర్మాణమును చేపట్టి 1914లో ఈ దేశమునకు వచ్చినాడు. ఇందూరు దర్బారునకు 1918లో ఒక నివేదిక సమర్పించినాడు. ఇరుకు వీథిని విశాలము చేయుటకు ఇండ్ల వరుసనంతను పడగొట్టు పద్ధతి అతనికి రోత. ఒక కూలిన గోడ తీసివేసి, ఒక చెట్టు నిలిపి, వీథిని తగుమాత్రము సవరించి, కాపురములను కదలించక బ్రదికించు పద్ధతిని అతడు శస్త్రవైద్యముతో పోల్చినాడు. దీపావళి ఊరేగింపు రానున్నప్పుడు, ఎక్కువ ఇండ్లను శుభ్రము చేసికొన్న వీథులగుండ దానిని నడిపింతుమని చాటింపగా, జనులు తమ ఇండ్లను తామే బాగుచేసికొన్నారు. ప్లేగును వ్యాపింపజేయు ఎలుక బొమ్మను ఆ ఊరేగింపులో త్రిప్పినారు. ఇంజనీరు కాగితముమీద చేయు పనిని వీథివాసులచేత చేయించుట ఇందలి మర్మము. గెడ్డెస్ పద్ధతిలో ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. ప్రభుత్వములకు మొదటిది నచ్చినను రెండవది అలవడలేదు. హైదరాబాదులో 1908 మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పత్థర్‌గట్టీలో క్రింద అంగళ్లు, పైన నివాసములు గల రాతి కమానుల వరుసను కట్టించినది. నేటికిని అది కన్నులపండువే. అయినను దానిని మెచ్చుకొనువారు, ఆ కమానులకు పూర్వము అక్కడ ఎవరుండిరని సాధారణముగా అడుగరు. అందము బహుశః అట్టి ప్రశ్నలను మరపించును.

చట్టము మెల్లగా లెక్కించుట నేర్చుకొన్నది. బొంబాయి కాలిబాటలమీద కాపురమున్నవారి వ్యాజ్యములో, జీవనోపాధి జీవించు హక్కులో భాగమేయని సుప్రీంకోర్టు 1985లో చెప్పినది. చెప్పి, నోటీసు ఇచ్చి, వానకాలము గడచిన తరువాత వారిని తొలగింపవచ్చుననియు తీర్పు చెప్పినది. తలకు నూనె రాసి మొట్టినట్లున్నదని ఎవరైన అన్న తప్పుపట్టలేము. 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టము, ఆ నేలను ఆశ్రయించి బ్రదుకు భూమిలేనివారిని కూడ బాధితులలో చేర్చినది. 2014లో వీథి వర్తకుల చట్టము వచ్చి, సర్వే చేయక ఎవరిని లేవదీయరాదన్నది. ఇవి చిన్న విషయములు కావు. 1955లో పల్లె విడిచి పోయినవారికి ఇందులో ఏ ఒక్కటియు లేదు. అయినను సర్వే నాడు జ్వరముతో ఇంట పడుకొన్న బండివాని పేరు జాబితాకు ఎక్కకపోవచ్చును. పేరెక్కినవానికి చూపిన కొత్త చోట కొనువారు లేకపోవచ్చును. నాలుగడుగుల నేలను ఇచ్చుట సాధ్యమే. అక్కడ జనులు ఆగు అలవాటును ఏ ఉత్తరువు ఇవ్వగలదు?

భిలాయిలోని తెలుగు కుటుంబముల మాట ఇక్కడ తప్పక రావలెను. రైల్వే పనులకును, కర్మాగారమునకును శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పోయినవారు అక్కడ పెక్కుమంది. చరోదా మార్షలింగు యార్డు చుట్టును, కాలనీలలోను, వారి మనుమలు తెలుగుకంటె హిందీని తేలికగా మాటలాడుచు పెరిగినారు. రిటైరైన తరువాత క్వార్టరును అప్పగింపవలెనను షరతు ఉద్యోగమునందు చేరిననాడే వారికి తెలియును. ఆ షరతులో అన్యాయమున్నదని వాదించుట కష్టము. కాని ముప్పది అయిదేండ్లు నీరు పోసి పెంచిన మామిడిచెట్టు ఆ షరతులో లేదు. సంపాదనయంతయు ఆ ఊరిలోనే ఖర్చుపెట్టి, ఆ ఊరి బడులను, రామమందిరములను నిలిపినవాడు, స్వగ్రామమునకు తిరిగిపోయిన అక్కడ చుట్టమువలె కూర్చుండవలసివచ్చును. అతడు నీడ హక్కును గూర్చి మాటలాడిన ఎవరికైనను మనసు కరగును.

అయితే అతడు ఆ మాట పైకెత్తిన మరుక్షణమున, సెక్టారు వెలుపలి పేటలో కంట్రాక్టు కూలిగా ఉన్న ఒక ఛత్తీస్‌గఢీ యువకుడు తన తాత చేను ఎక్కడ ఉండినదో చూపవచ్చును. ఆ మామిడిచెట్టు నిలిచినది ఆ చేనిలోనే కావచ్చును. ముందు వచ్చినవాని హక్కే గొప్పదన్న, తెలుగువాడు మొదట ఓడిపోవును. కష్టపడి పెంచినవాని హక్కే గొప్పదన్న, తాత దున్నిన దుక్కిని ఏమని కొట్టివేయవలెను? ఇక రేపు అదే స్థలమున లేవనున్న కాంప్లెక్సులో ఇటుకలు మోయుటకు మరియొక జిల్లానుండి వచ్చిన ఆడుకూలి, తన బిడ్డకు చీరతో ఉయ్యాల కట్టుటకు ఆ మామిడికొమ్మనే వెదకుచున్నది. ఈ ముగ్గురును ఒక చోట కూర్చుండి మాటలాడుకొను ఏర్పాటు ఏ నగర ప్రణాళికలోను లేదు. ప్లాను ఆమోదమునకు పోవునప్పుడు స్థలము కొలతలు, అంతస్తుల సంఖ్య, మెట్ల వెడల్పు వ్రాయుదురు. చెట్టు ఉన్న యెడల అదియు గుర్తింతురు, కొట్టివేయుటకు అనుమతి కావలెను గనుక.