గొలుసంత నేల

గొలుసుకు కట్టేసిన కుక్క ఎంతకాలంగా అక్కడుందో నేలే చెబుతుంది. గొలుసు అందినంత మేర గడ్డి పోయి, మట్టి గట్టిపడి, గిరి గీసినట్టు ఉంటుంది. ఐదడుగుల గొలుసును గోడ కొక్కేనికి తగిలిస్తే కుక్కకు దక్కేది సుమారు 39 చదరపు అడుగుల అర్ధచంద్రం. రెండు నులకమంచాలు వాలిస్తే నిండిపోయే చోటు. తిండి, నిద్ర, మలమూత్రాలు అన్నీ అందులోనే.

మంచిర్యాల లాంటి బొగ్గు ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గోడ నీడ పొద్దుతో పాటు జరుగుతుంది, కొక్కెం జరగదు. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చి ఒళ్లు చల్లబరచుకోవాలి, అందుకు నీళ్లు కావాలి. సత్తుగిన్నె నిండా నీళ్లు పెట్టే డ్యూటీకి పోతారు. కుక్క ఒకసారి గిర్రున తిరిగితే గొలుసు తగిలి గిన్నె బోర్లా పడుతుంది. షిఫ్టు దిగి ఎవరో ఒకరు వచ్చేదాకా అంతే.

కట్టేసేవాళ్లంతా కర్కోటకులేం కారు. పిల్లగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని పాలు పట్టిన చేతులే చాలాసార్లు గొలుసూ వేస్తాయి. ఏడాది తిరిగేసరికి కుక్క బలిసి పక్కింటి పిల్లల మీదికి ఉరుకుతుంది. రెండు రోజులు కట్టేద్దామనుకుంటారు, ఆ రెండు రోజులు నాలుగేళ్లవుతాయి. నిర్లక్ష్యంలో ద్వేషం కంటే వాయిదాయే ఎక్కువ. పైగా కట్టేస్తే కాపలా బాగా కాస్తుందన్న నమ్మకం ఒకటి. పారిపోయే దారి లేని కుక్క ప్రతి అలికిడికీ మొరుగుతుంది. కొన్నాళ్లకు ఇంట్లోవాళ్లు ఆ మొరుగుడు వినడమే మానేస్తారు. ఇక దొంగకు భయమేముంది?

రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పట్టుదలతో కదిలిన జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడం, కట్టేసి ఉంచే కుక్కను బయట తిప్పకపోవడం, తిండీ నీళ్లూ నీడా ఇవ్వకపోవడం 11వ సెక్షన్ కింద నేరాలే. మొదటి తప్పుకు అందులో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఈనాటి లెక్కలో చాయ్ ఖర్చు. అందుకే విడిపించడమంటే చాలామటుకు అరుగు మీద కూర్చుని యజమానికి నచ్చజెప్పే పనిగా మిగిలింది. అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్ హైదరాబాద్‌లో ఉంది, మంచిర్యాలకు రెండు వందల కిలోమీటర్ల పైమాట. ఊళ్లో దిక్కు పశువుల దవాఖానా, కాస్త ఖాళీ వాకిలి ఉన్న ఇల్లూ.

విడిపించాక ముందు చూడాల్సింది మెడ. పిల్లప్పుడు వేసిన పట్టా కుక్కతో పాటు పెరగదు. చర్మాన్ని కోసుకుంటూ దిగబడి, పైన మాంసం కమ్ముకుని ఉంటుంది. లాగితే కండ ఊడొస్తుంది, డాక్టరు మత్తిచ్చి కత్తిరించాల్సిందే. గోమార్లు తీయించి, వాటివల్ల వచ్చే జ్వరానికి రక్తపరీక్ష చేయించి, రేబిస్ టీకా వేయించాలి. ఎముకల గూడైన కుక్కకు జాలికొద్దీ ఒకేసారి కడుపునిండా పెడితే ఒంట్లో లవణాల లెక్క తప్పి ప్రాణమే పోవచ్చు.

గాయం మానాక అసలు చిక్కు తెలుస్తుంది. గొలుసు లేకున్నా కుక్క ఐదడుగుల దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు సెలిగ్‌మన్, మేయర్ 1967లో ఇలాంటిదే చూపించారు. తప్పించుకోలేని కరెంటు షాకులు తిన్న కుక్కలు, తర్వాత పొట్టి అడ్డు దూకితే బయటపడే వీలున్నా, చాలావరకు కదల్లేదు. మళ్లీ మళ్లీ తాడు కట్టి అవతలికి లాగితేగానీ వాటంతటవి దూకలేదు. కుక్కలు నిస్సహాయతను నేర్చుకున్నాయన్న తమ మాటను 2016లో ఆ ఇద్దరే దిద్దుకున్నారు. నిస్సహాయత నేర్చుకునేది కాదట, తెగని బాధలో ప్రాణికి దానంతటదే వస్తుందట. తను కదిలితే ఫలితం ఉంటుందన్నదే నేర్చుకోవాల్సిన సంగతి. కుక్కల్ని హింసించి తెలుసుకున్నది కుక్కలకే అక్కరకు రావడం కొంచెం సిగ్గుపడాల్సిన విషయమే.

కాబట్టి చికిత్సలోనూ తాడు ఉంటుంది, ఇరవై ముప్పై అడుగులది, వదులుగా, ఒక మనిషి చేతిలో. రోజూ అదే వేళకు, అదే మనిషి. ఆరో అడుగు ఒక వారంలో పడొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. కొన్నింటికి జీవితాంతం చీపురు ఎత్తినా, ఇనుము గలగలమన్నా వణుకు పోదు. అలాంటివాటిని పిల్లలున్న ఇంటికి పంపకపోవడం మేలు.

ఇంకొకటి మిగులుతుంది. కుక్క వెళ్లిపోయిన గోడకు కొక్కెం అలాగే ఉంటుంది, ఇంకో పిల్లను తెచ్చి కట్టేస్తే చేసిందంతా మొదటికొస్తుంది. కుక్కను ఇప్పించుకునే రోజునే ఆ కొక్కేన్ని కూడా ఊడబెరకమని అడగాలి.