సావాస దోషం ఎవరిది? జంతువుల సామాజిక అభ్యసనం: ఒక నైతిక పరిశీలన

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని తెలుగువారు అంటారు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారనీ వారే అంటారు. మొదటి సామెత నడతకు మూలం పుట్టుకలో ఉందంటే, రెండవది సాంగత్యంలో ఉందంటుంది. ఈ వైరుధ్యాన్ని జానపదుల నిలకడలేనితనంగా భావించనక్కరలేదు. జీవశాస్త్రం సహజాత ప్రవర్తన, సామాజిక అభ్యసనం అని విడదీసి చూపే రెండు మార్గాలూ ఇందులో ఉన్నాయి. అయితే ఒక జీవి సాంగత్యం వల్ల చెడు నడత నేర్చుకుంటే ఆ దోషం ఎవరిది అన్నది శాస్త్రం పరిధిలోకి రాని ప్రశ్న. విశాఖపట్నంలో అది ఊహాజనితమైన ప్రశ్న కూడా కాదు.

విశాఖ తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా గుడ్లు పెడతాయి. గుడ్లు పెట్టిన తల్లి సముద్రంలోకి వెళ్లిపోతుంది. సుమారు 50 రోజుల తరువాత వెలువడే పిల్లలకు దారి చూపే పెద్దలెవరూ ఉండరు. రాత్రివేళ నేల వైపుకన్నా సముద్రం వైపు వెలుతురు ఎక్కువ కనుక అవి ఆ వెలుగు వైపు సాగుతాయి. యుగయుగాలుగా పనికివచ్చిన ఈ సహజాతాన్ని నగరపు దీపాలు తారుమారు చేయగలవు. దారితప్పి రోడ్డు వైపు పాకిన పిల్లను మనం తెలివితక్కువదని నిందించం. దీపం మనదని ఒప్పుకుంటాం. అటవీశాఖ గుడ్లను సేకరించి, రక్షణలో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతుంది.

సింహాచలం కొండ మీది కోతికి ఈ న్యాయం వర్తించదు. భక్తుల చేతిలోని సంచి లాక్కున్న కోతిని దొంగ అంటాం. కోతిబుద్ధి అంటూ మొదటి సామెత తీర్పునే దాని మీద మోపుతాం. నిజానికి సంచిలో తిండి ఉంటుందన్న జ్ఞానం ఏ కోతికీ పుట్టుకతో రాదు. జపాన్‌లోని కోషిమా దీవిలో 1953లో, పరిశోధకులు ఇమో అని పేరుపెట్టిన ఒక ఆడకోతిపిల్ల చిలగడదుంపకు అంటిన ఇసుకను నీటిలో కడగడం మొదలుపెట్టింది. ఆ అలవాటు తోటిపిల్లలకూ తల్లికీ, క్రమంగా తరువాతి తరానికీ చేరింది. ఆ దుంపలను తీరంలో వేసింది మనుషులేనన్న సంగతి ఈ కథ చెప్పేవారు తరచు మరచిపోతారు. బాలి దీవిలోని ఉలువాటు ఆలయం వద్ద కోతులు యాత్రికుల కళ్లద్దాలు, చెప్పులు ఎత్తుకుపోయి, తిండి ఇస్తే గాని వదలవు. ఏ వస్తువుకు మనిషి ఎక్కువ ఇస్తాడో వయసుతో పాటు నేర్చుకుంటాయి. బేరమాడే మనిషి లేని అడవిలో ఈ విద్య పుట్టే అవకాశమే లేదు.

ప్రతి పిల్లా విషపుకాయను స్వయంగా కొరికి తెలుసుకోవాలంటే ప్రాణాపాయం. తల్లి తినేదాన్ని చూసి తినే పిల్ల బతికే అవకాశం ఎక్కువ. పరిణామం ఈ నేర్చుకునే శక్తిని నిలిపింది గాని, ఏమి నేర్చుకోవాలన్నది పరిసరానికే వదిలింది. కొండ మీద ఆ పరిసరంలో ప్రధానభాగం మనమే.

శిష్యుడి పాపం గురువుకు చెందుతుందని మన నీతి సంప్రదాయం. పండు పెట్టిన భక్తుడు బోధించాలని అనుకోలేదు కదా అన్నది ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ. 1992లో కారో, హౌసర్ అనే శాస్త్రవేత్తలు జంతువులలో బోధనను నిర్వచిస్తూ ఉద్దేశాన్ని పక్కన పెట్టారు. తెలియనివాని సమక్షంలోనే నడత మార్చుకోవడం, అందువల్ల తక్షణ లాభం లేకపోవడం, ఎదుటివాడు త్వరగా నేర్చుకోవడం అన్నవే వారికి ప్రమాణాలు. భక్తుడు కోతిని చూసి ఆగుతాడు, సొంత డబ్బుతో కొన్న పండు ఇస్తాడు, కోతి నేర్చుకుంటుంది. (పుణ్యం తక్షణ లాభం కిందికి వస్తుందా అన్నది మీమాంసకులు తేల్చవలసిన విషయం.) జంతువుల కోసం చేసిన నిర్వచనాన్ని భక్తుడికి యథాతథంగా అతికించడం సబబు కాకపోవచ్చు. అయినా ఉద్దేశం లేనిచోట బోధన లేదన్న వాదం మాత్రం దీని ముందు బలహీనపడుతుంది.

డార్విన్ 'జాతుల ఉత్పత్తి' 1859లో వెలువడింది. దానికి ఆరేళ్ల ముందే, 1853లో, పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చింది. అందులోని మిత్రలాభంలో నూకల కోసం ఒక పావురం మాట విని గుంపంతా వలలో దిగుతుంది. తరువాత అన్నీ ఆ ఒక్కదాన్ని నిందిస్తాయి. చిత్రగ్రీవుడు ఆ నిందను అంగీకరించడు. వలతో సహా ఎగరమంటాడు. ఈ ఘట్టాన్ని ఐకమత్య బోధగా చదవడం పరిపాటి. చూసి నేర్చే గుంపులో దోషాన్ని ఒక్కరికే కట్టబెట్టడం కుదరదన్న వివేకం కూడా ఇందులో ఉందని నా భావన. నూకలు చల్లిన వేటగాడి ప్రసక్తి ఆ నిందలో రానేలేదు.

కోతుల బెడద పెరిగినచోటల్లా వాటిని పట్టి దూరపు అడవిలో వదలాలన్న సూచన వినిపిస్తుంది. పట్టుబడిన కోతి తన విద్యతోనే వెళుతుంది. ఆ అడవిలో ఏ చెట్టు ఏ నెలలో కాస్తుందో, వేసవిలో నీరు ఎక్కడ దొరుకుతుందో దానికి చూపే తల్లులు లేరు. మనిషి దగ్గర తిండి ఉంటుందని మాత్రం దానికి తెలుసు. కనుక అది అడవి అంచున ఉన్న ఊరిని వెతుక్కుంటుంది. కొండ మీద ఒక్క పండైనా పెట్టని అక్కడి రైతు తన పంటను కోల్పోతాడు.