మ్రింగలేనివారికి అన్నము

ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుట దాసోహమనుటలో సందేహము లేదు. ఆకలి చచ్చి, గుటక పడనివారికి ముక్కులోని గొట్టముద్వారా అన్నము పంపుటయు దాసోహమే యగునా? ఈ ప్రశ్న నేడు దేవరాపల్లి వంటి పల్లెల యిండ్లలోనికిని వచ్చినది.

రాకుండుటెట్లు? విశాఖ, శ్రీకాకుళము ప్రాంతముల పల్లెలలో స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోనికి పెట్టుకొని కాల్చు 'అడ్డపొగ' చిరకాలపు అలవాటు. దానివలన అంగిలికి వచ్చు క్యాన్సరును గూర్చి వైద్యులు 1970లలోనే వ్రాసియున్నారు. అట్టివారిని నేడు ఆగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వంటి చోట్లకు తీసికొనిపోవుచున్నారు.

నోటి, గొంతు క్యాన్సరులకు కిరణచికిత్స సాధారణముగా ఆరేడు వారములు సాగును. నోరంతయు పుండ్లుపడి మంచినీళ్ళు కూడ దిగవు. అప్పుడు గొట్టము ఊతకర్ర వంటిది. దాని బలముతో చికిత్స పూర్తియగును. పుండ్లు మానిన పిదప పలువురికి దానిని తీసివేయుదురు. గొట్టమన్న మాట వినగానే "ఇక అయిపోయినది" అని యేడ్చుట తెలియనితనము. నోట తినలేదు గనుక ప్రసాదము లేదని రోగి దిగులుపడనక్కరలేదు. వైద్యులు చెప్పినట్లు పలుచగా వడగట్టిన చోడి అంబలినైనను ముందు లింగమునకు అర్పించియే పోయవచ్చును. భక్తి నాలుక మీద మాత్రమే యున్నదా?

వ్యాధి చికిత్సకు లొంగని కడపటి దశ వేరు. అప్పుడు దేహము చిక్కిపోవుట అన్నము లేమివలన మాత్రమే కాదు. క్యాన్సరే కండను కరిగించును, ఆకలిని హరించును. గొట్టమున పోసినది బలము కాక కడుపుబ్బరము, వాంతి కావచ్చును. ఊపిరితిత్తులలోనికి దిగి ఆయాసము పెంచవచ్చును. రోగి గొట్టమును లాగివేయును. ఇంటివారు చేతులు మంచమునకు కట్టుదురు. తల్లి చేతులు కట్టి అన్నము పోసిన కొడుకు క్రూరుడు కాడు. "తిండి పెట్టక చంపిరి" అను ఊరి మాటకు వెరచినవాడు. ఆ గొట్టము తీర్చుచున్నది తల్లి ఆకలినా, కొడుకు భయమునా?

ప్రసాదము చేయిచాచి స్వీకరించునది. వద్దని తల త్రిప్పుకొను దేహములోనికి త్రోసినది ప్రసాదమెట్లగును? గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమేయని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పినది. కడపటి చికిత్సను గూర్చిన కోరికను ముందే వ్రాసియుంచుకొనవచ్చుననియు అంగీకరించి, 2023లో ఆ విధానమును సులభము చేసినది. అయినను వ్రాసియుంచువారెందరు? మాటాడగల దినములలోనే అడుగవలసినది, "అమ్మా, నీకెట్లుండవలెను?" అని. కొడుకుల నోట రాని యీ మాటను ఇంటికి వచ్చిన జంగమయ్య అడిగినచో వారి బరువు సగము తగ్గును. ఊరి మాటకు సమాధానము కూడ ఆయన నోటనే వచ్చుట మంచిది.

గొట్టము వద్దనుట సేవ మానుట కాదు. నొప్పికి మందు వేళకు ఈయవలెను. తడిగుడ్డతో నోరు తుడువవలెను. ఎండిన పెదవులకు వెన్న రాయవలెను. ఆమె అడిగి, గుటక పడునట్లున్నచో చెంచాడు కాఫీ పట్టవలెను. రెండవ చెంచాకు తల త్రిప్పిన, గిన్నె ప్రక్కన పెట్టి ఆమె చేయి పట్టుకొని కూర్చుండవలెను.