మనకోసం కాని మాటలు

బీబీసీ రేడియో 4 వాళ్ళ ఆదివారం వరస చూపిస్తే ఏ ప్రోడక్ట్ మేనేజరూ ఒప్పుకోడు. తెల్లవారకముందే ఓడలకు వాతావరణ సూచన. తర్వాత ఏదో ఒక ఊరి చర్చి గంటలు. రైతుల కబుర్లు, మతాల చుట్టూ వార్తలు, ఒక సేవాసంస్థ కోసం విజ్ఞప్తి, చర్చి ఆరాధన. 1951 నుంచీ నడుస్తున్న 'ది ఆర్చర్స్' అనే పల్లెటూరి నాటకం, వారం భాగాలన్నీ ఒకేసారి. ఒక ప్రముఖుడు నిర్జన ద్వీపానికి వెంట తీసుకెళ్ళే ఎనిమిది పాటలు. మధ్యాహ్నం తోటపని సందేహాలు. రాత్రికి ఈమధ్య పోయినవాళ్ళ జీవితాలు. ఉద్యోగం మీద ఇంగ్లండ్ వచ్చినప్పట్నుంచి వింటున్నాను, వీటన్నిటినీ సమానంగా ఇష్టపడే మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు. (చామంతి మొక్కకి పట్టిన తెగులు గురించి అరగంట వినడం ఎలా ఉంటుందో చెప్పలేను.) అసలు ఆ స్టేషన్ అలాంటి ఒక మనిషిని ఊహించుకుని ఈ వరస పేర్చినట్టే అనిపించదు.

నేను చేసే పని దీనికి సరిగ్గా అడ్డం. మీరు ఇప్పటిదాకా చూసినదాన్ని బట్టి తర్వాత ఏం చూపించాలో నిర్ణయించే కోడ్ రాస్తాను. మీకు సంబంధించిందే మీకు కావాలి అన్నది అక్కడ మూలసూత్రం. ఆ సంబంధం ఎంతో మీ పాత క్లిక్కుల్లోంచి లెక్కకడతాం. దాన్ని తిట్టిపోయడానికి కూర్చోలేదు. ఘంటసాల పాటలు ఒకదాని వెనక ఒకటి అవే వస్తుంటే నాకూ హాయిగానే ఉంటుంది. కానీ మనకి ఏ సంబంధమూ లేనివాళ్ళు మన చెవిన పడే దారి ఇందులో ఎక్కడుంది? ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నీతికి సంబంధించిందని నేననుకుంటాను.

ఓడల సూచననే తీసుకోండి. బ్రిటన్ చుట్టూ సముద్రాన్ని 31 ప్రాంతాలుగా విడగొట్టి, వైకింగ్, డాగర్, ఫిషర్, జర్మన్ బైట్ అంటూ పేరుపేరునా గాలి ఎటునుంచి, ఎంత జోరుగా, చూపు ఎంత దూరం ఆనుతుంది అని చదువుకుంటూ పోతారు. వర్ణన ఉండదు, ఓదార్పు ఉండదు. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ వేల్స్ తీరంలో తుఫానుకి పగిలి నాలుగొందల మందికి పైగా పోయారు. ఆ తర్వాతే రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ టెలిగ్రాఫ్ మీద తుఫాను హెచ్చరికలు పంపే పద్ధతి మొదలుపెట్టాడు. డార్విన్ వెళ్ళిన బీగిల్ ఓడకి కెప్టెన్ ఈయనే. 2002లో ఒక సముద్ర ప్రాంతానికి ఆయన పేరు పెట్టారు. అంటే ఈ సూచన వెనక ఉన్నది చావులే. ఇప్పుడేమో ఎన్నడూ ఓడెక్కనివాళ్ళు దీన్ని జోలపాటలా వింటూ నిద్రపోతారు. నేనూ అంతే.

అది తప్పా? మన కోస్తాలో రేడియో "మచిలీపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అన్నప్పుడు ఎవరికీ నిద్ర రాదు. వేటకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారా అని లెక్కపెట్టుకునే ఇంట్లో అది సంగీతంలా ఎలా వినిపిస్తుంది? పరాయివాడి ప్రమాదాన్ని లయగా విని ఆనందించడంలో కాస్త సిగ్గుపడాల్సిందేదో ఉంది, కాదనను. కానీ ఆ సిగ్గు పుట్టాలన్నా ముందు ఆ మాట నా చెవిన పడాలిగా.

విజ్ఞప్తి సంగతి ఇంకా చిక్కు. ఆదివారం ఉదయం ఎనిమిది కాకముందు ఒకరు వచ్చి, ఇల్లు లేనివాళ్ళ గురించో అరుదైన జబ్బు గురించో మూడు నిమిషాలు చెప్పి డబ్బు అడుగుతారు. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని మనవాళ్ళు చెప్పే అర్థం. ఈ అతిథికి టైము ఉంది, పిలుపే లేదు. అదే విషయం మీద నేనే ఒక డాక్యుమెంటరీ వెతుక్కుని చూస్తే, ఎంత బాధపడాలో, ఎప్పుడు ఆపాలో నా చేతిలో ఉంటుంది. ఇక్కడ నేను పెనం మీద దోసె వేస్తుంటాను. వినకూడదనుకుంటే చేతులు కడుక్కుని వెళ్ళి కట్టెయ్యాలి. ప్లే నొక్కకపోవడం మనం చేసిన పనిలా తోచదు. కట్టెయ్యడం మాత్రం తోస్తుంది. వద్దనడం కూడా ఒక పనిగా మారుతుంది. నేను ప్రతివారం డబ్బు పంపుతానని కాదు. పంపని వారం, పంపలేదని నాకు తెలుస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మనం ఏం వినాలో వాళ్ళెవరు నిర్ణయించడానికి? చరిత్ర కూడా వాళ్ళ పక్షాన లేదు. బీబీసీ తొలి అధిపతి జాన్ రీత్ ఆదివారాలని మతబోధలతో, గంభీర సంగీతంతో నింపేశాడు. జనం 1930ల్లో రేడియో నార్మండీకి, లక్సెంబర్గ్‌కి పారిపోయారు. మన దగ్గర 1952లో మంత్రి కేస్కర్ పుణ్యమా అని ఆకాశవాణిలో సినిమా పాటలకి కత్తెర పడితే, దేశం రేడియో సిలోన్ పట్టుకుంది. మన పాటలు మనకి వినిపించడానికి 1957లో వివిధభారతి రావాల్సి వచ్చింది. నేనప్పుడు ఉండుంటే సిలోనే వినేవాణ్ణి, అనుమానం లేదు.

అయితే రీత్‌నీ నా కోడ్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేడా కంటే పోలికే ఎక్కువ కనిపిస్తుంది. ఆయన నన్ను బాగుచెయ్యాలనుకున్నాడు, నా కోడ్ నన్ను సంతోషపెట్టాలనుకుంటుంది. ఇద్దరికీ గురి నేనే. డాగర్‌లో గాలి ఎనిమిదికి పెరుగుతోందని చదివే గొంతుకి నాతో పని లేదు. అది మాట్లాడేది చీకట్లో చుక్కాని పట్టుకున్న ఎవరితోనో. నేను పక్కన కూర్చుని వింటున్నానంతే. ఆర్చర్స్‌లో కూడా మొదట్లో యుద్ధం తర్వాత తిండిగింజలు పెంచమని రైతులకి సలహాలు కలిపేవారు. కథ కోసం విన్న పట్నవాసులకి ఎరువుల గొడవ కూడా చెవిన పడింది.

ఇప్పుడు ఇవన్నీ యాప్‌లో ముక్కలుగా దొరుకుతున్నాయి. ద్వీపం పాటలు విడిగా, నాటకం విడిగా, ఆ మూడు నిమిషాల విజ్ఞప్తి కూడా విడిగా. మా ర్యాంకింగ్‌లో అయితే ఆ చివరిది ఎన్నో పేజీకి వెళ్తుందో లెక్క చెయ్యకుండానే చెప్పగలను.